బ్రౌన్ డ్వార్ఫ్‌కు ఏ రంగు కొట్టాలి? బడి గోడ బొమ్మకు సలహా కావాలె

నీలగిరి కుంచె | నల్లగొండ

అందరికీ నమస్తే. నేను షాపు బోర్డులు రాస్తాను, గోడ బొమ్మలు వేస్తాను. మా జిల్లాలో ఒక బడివాళ్లు సైన్స్ గది బయటి గోడను గడులుగా చేసి అంతరిక్షం వేయమన్నారు. సూర్యుడు, గురుగ్రహం, శని, నెబ్యులా అన్నీ అయిపోయినయి. చివరి గడి బ్రౌన్ డ్వార్ఫ్. పెద్దసారేమో "పేరులోనే ఉంది కదయ్యా, బ్రౌన్ కొట్టు" అంటున్నారు. నెట్‌లో చూస్తే ఒకరు చాక్లెట్ రంగు వేసిన్రు, ఒకరు ఎర్రగా మండుతున్నట్టు వేసిన్రు, ఇంకొకరిది వంకాయ రంగు. ఒక ఫొటోలో అయితే పచ్చ చుక్క! ఇందులో ఏది నిజం? గడి నాలుగడుగుల చదరం. లప్పం ఆరింది, ప్రైమర్ కూడా పడ్డది. ఆదివారం రంగు మొదలుపెట్టాలి.

సూర్యాపేట సుత్తి | సూర్యాపేట

అన్నా, చాక్లెట్ రంగు మాత్రం వద్దు. ఇంటర్వెల్‌లో పిల్లలు గోడ నాకుతరు.

పాలమూరు ఫిజిక్స్ | మహబూబ్‌నగర్

నీలగిరి గారూ, మీ పెద్దసారుకు ముందు ఈ మాట చెప్పండి. బ్రౌన్ డ్వార్ఫ్‌ను చూసి ఎవరూ ఆ పేరు పెట్టలేదు. నక్షత్రంగా వెలగడానికి సరిపోని బరువుతో ఇలాంటివి ఉండొచ్చని 1960ల మొదట్లో శివ్ కుమార్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టారు, మన దేశంలో పుట్టిన మనిషే. ఆయన వాటిని బ్లాక్ డ్వార్ఫ్ అన్నారు. ఆ పేరు అప్పటికే వేరేవాటికి వాడుకలో ఉండటంతో 1975లో జిల్ టార్టర్ అనే శాస్త్రవేత్త బ్రౌన్ అని మార్చారు. అప్పటికి ఒక్కటి కూడా దొరకలేదు. అనుమానం లేకుండా దొరికినవి 1995లో. అంటే బిడ్డ పుట్టకముందే పెట్టిన పేరు. దాన్ని నమ్మి డబ్బా తెరవొద్దు.

ఇక అసలు రంగు. ఇవి గురుగ్రహానికి సుమారు 13 రెట్ల నుంచి 75, 80 రెట్ల దాకా బరువుంటాయి. సూర్యుడిలా లోపల హైడ్రోజన్‌ను నిలకడగా మండించుకోలేవు. పుట్టినప్పటి వేడి కొద్దికొద్దిగా పోగొట్టుకుంటూ కోట్ల ఏళ్లు చల్లారుతూనే ఉంటాయి. కమ్మరి కొలిమిలోంచి తీసిన ఇనుము సంగతి మీకు తెలిసిందే కదా. మొదట పసుపు, తర్వాత నారింజ, ఎరుపు, చివరికి మామూలు నలుపు. సుమారు 525 డిగ్రీల సెల్సియస్ కిందికి పోయిందంటే వేడిగానే ఉంటుంది, ముట్టుకుంటే చర్మం ఊడుతుంది, కానీ కంటికి వెలుగు కనిపించదు. ఈ వరుస గుర్తు పెట్టుకోండి, బ్రౌన్ డ్వార్ఫ్‌లది కూడా ఇదే దారి.

వీటిని వేడిని బట్టి ఎల్, టి, వై అని మూడు తరగతులు చేశారు. ఎల్ అంటే సుమారు 2200 నుంచి 1300 కెల్విన్ (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే కెల్విన్). టి అంతకంటే చల్లన, 500, 600 దాకా. వై ఇంకా చల్లన. కాబట్టి "బ్రౌన్ డ్వార్ఫ్ ఏ రంగు" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. మీరు ఏ తరగతిది వేస్తున్నారో అది చెప్పండి ముందు.

నీలగిరి కుంచె | నల్లగొండ

సార్, నాకు తరగతి అంటే పది ఫెయిల్ ఒక్కటే తెలుసు 😀 పెద్దసారు "బ్రౌన్ డ్వార్ఫ్" అని చీటీ మీద రాసిచ్చిన్రు అంతే. అయినా మీరు చెప్పిన లెక్కన ఎల్ నారింజ, టి ఎరుపు, వై నలుపు అనుకోవాలె కదా? మరి ఆ వంకాయ రంగు ఎక్కడిది?

పాలమూరు ఫిజిక్స్ | మహబూబ్‌నగర్

అదీ అడగాల్సిన ప్రశ్న! ఇనుము అయితే మీరన్నట్టే. ఇది గాలి గుండ్రం. లోపలి నుంచి వచ్చే వెలుగు పైనున్న వాయువుల్ని దాటుకుని బయటికి రావాలి. టి తరగతి వాటిలో ఆ దారిలో సోడియం, పొటాషియం ఆవిరి ఉంటుంది. పాత వీధి లైట్లు పసుపుగా వెలిగేవి చూడండి, అది సోడియం వదిలే వెలుగు, అల పొడుగు లెక్కలో 589 నానోమీటర్ల దగ్గర. అదే సోడియం చల్లగా అడ్డంగా నిలబడితే సరిగ్గా ఆ పసుపునే మింగుతుంది. ఇక్కడ హైడ్రోజన్ ఒత్తిడి చాలా ఎక్కువ కాబట్టి ఆ మింగుడు ఒక సన్నగీతతో ఆగదు, రెండు వైపులా పరుచుకుని పచ్చదనాన్ని కూడా చాలావరకు ఊడ్చేస్తుంది. పొటాషియం 770 దగ్గర ముదురు ఎరుపు చివరను తింటుంది. మధ్యలో పసుపు, పచ్చ పోయాక మిగిలేది ఎరుపు, దానికి తోడు కొంచెం నీలం. ఎరుపులో నీలం కలిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఆడమ్ బరోస్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 2001లో ఇదే లెక్క చూసి, ఇవి బ్రౌన్ కాదు, మజెంటాకు దగ్గర అని రాశారు. మీరు చూసిన వంకాయ బొమ్మలకు మూలం అది.

అమ్రాబాద్ చీకటి | అచ్చంపేట

పచ్చ చుక్క సంగతి నేను చెప్తా. అది బొమ్మ కాదు, వైజ్ టెలిస్కోపు తీసిన ఫొటో. 2009 డిసెంబర్‌లో పైకి పంపారు. అది చూసేదంతా ఇన్‌ఫ్రారెడ్, మన కంటికి ఆనని వెలుగు. ఆనని దాన్ని చూపించాలంటే ఏదో ఒక రంగు ఇయ్యాలి కదా. 3.4 మైక్రాన్ల వెలుగుకు నీలం, 4.6కు పచ్చ, అంతకంటే పొడుగు అలలకు ఎరుపు అని వాళ్లే పెట్టుకున్నారు. చల్లని బ్రౌన్ డ్వార్ఫ్‌లో మీథేన్ ఉంటుంది, అది 3.4 దగ్గర వెలుగును తినేస్తుంది. 4.6 దగ్గర దారి తెరిచి ఉంటుంది. అందుకే వేలాది నీలి చుక్కల మధ్య ఒక్కటి పచ్చగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వెతికేవాళ్లకు అది గుర్తు. అంతేగానీ అక్కడికి పోతే పచ్చగా ఉంటుందని కాదు.

నేనూ ఫొటోలు తీస్తాను కాబట్టి ఒక మాట. నెట్‌లో "రియల్ ఫొటో" అని తిరిగే బ్రౌన్ డ్వార్ఫ్‌లన్నీ ఆర్టిస్టులు వేసినవే. అసలు ఫొటోలో ఎంత పెద్ద టెలిస్కోపుకైనా అది చుక్కే. 1995లో హబుల్ తీసిన గ్లీజ్ 229బి అనే బ్రౌన్ డ్వార్ఫ్ ఫొటో చూడండి, పక్కనున్న నక్షత్రం కాంతి ఫ్రేమంతా చిందర వందర, మన హీరో ఒక మూలన చిన్న బొట్టు.

గద్వాల బొమ్మలు | గద్వాల, ఇప్పుడు హైదరాబాద్

గేమ్‌లకు బ్యాక్‌గ్రౌండ్లు వేసేవాడిగా నా పైసా. "కంటికి ఎట్ల కనిపిస్తదో అట్లనే వేయాలి" అన్న రూలే నాకు నచ్చదు. ఆ లెక్కన వై తరగతికి నల్ల డబ్బా చాలు, ఆర్టిస్టు ఎందుకు? నెబ్యులాల ఫొటోలు చాలావరకు రంగులద్దినవే, వాటిని తిట్టం కదా. పిల్లగాడు గోడ ముందు ఆగి "ఇదేంది సార్" అని అడగాలి. ఆగేలా వేయండి, సైన్స్ సారు తర్వాత చెప్పుకుంటారు.

కానీ ఒక్కటి మాత్రం వేయొద్దు. నల్లటి రాయి పగిలి సందుల్లోంచి లావా కారుతున్నట్టు వేస్తారే, అది. మా ఫీల్డులోనే పదిమందిలో ఆరుగురు అట్లే వేస్తారు. దానికి నేల లేదు, రాయి లేదు, పగలడానికి ఏమీ లేదు.

పాలమూరు ఫిజిక్స్ | మహబూబ్‌నగర్

లావా విషయంలో మీకు నా ఓటు. మిగతాదాంట్లో కాదు. నెబ్యులా ఫొటో కింద ఏ రంగు ఏ వాయువుదో రాస్తారు, దానికి ఒక లెక్క ఉంది. బడి గోడ మీద బ్రౌన్ అని రాసి బ్రౌన్ కొడితే పిల్లలు జీవితాంతం అదే అనుకుంటారు. మా కాలేజీలో ఇంటర్ పిల్లలు ఇప్పటికీ "మట్టి గ్రహమా సార్" అని అడుగుతుంటారు. ఆగేలా వేయడం వేరు, తప్పు నేర్పడం వేరు.

గద్వాల బొమ్మలు | గద్వాల, ఇప్పుడు హైదరాబాద్

మజెంటా మాత్రం నిజమా సార్? ఆ నీలం ఎంత ఉంటుంది? 900 కెల్విన్ వేడి వస్తువులోంచి నీలం వచ్చేది చిటికెడు కూడా కాదు. కళ్లతో చూస్తే మసక ఎరుపే అనిపించొచ్చు. మజెంటా అనేది స్పెక్ట్రమ్‌ను, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీని, కాగితం మీద పెట్టి వెలుగు పెంచి చూసినప్పటి రంగు.

పాలమూరు ఫిజిక్స్ | మహబూబ్‌నగర్

సరైన పాయింటే. వెలుగు చాలా తక్కువ, కన్ను దాన్ని ఎట్లా తీసుకుంటుందన్నది వేరే లెక్క. ఎరుపుకు దగ్గరగా ఉండే మజెంటా అనుకుందాం. ముదురు వంకాయ వరకు పోనక్కర్లేదు. బ్రౌన్ మాత్రం ఎటు నుంచి చూసినా రాదు.

చిటికి రంగులు | పుట్టపాక

రంగుల ముచ్చట కాబట్టి నేనూ దూరుతున్న. మాది చేనేత ఇల్లు. తేలియా రుమాలుకు అలిజరిన్ ఎరుపు, నలుపు, తెలుపు, మధ్యలో ముదురు గోధుమ. నూలుకు చిటికి కట్టి రంగులో ముంచడం చిన్నప్పటి నుంచి చూస్తున్న.

బ్రౌన్ ఎందుకు రాదో ఇంట్లోనే చూడొచ్చు. బ్రౌన్ నూలు లడి ఒకటి తీసుకోండి. నల్ల అట్టముక్కకు పెన్ను దూరేంత రంధ్రం చేయండి. గదిలో లైట్లన్నీ తీసేసి, లడి మీద ఒక్కదాని మీదే టార్చి గట్టిగా కొట్టి, ఆ రంధ్రంలోంచి చూడండి. చుట్టూ చీకటి, మధ్యలో ఆ రంగు ఒక్కటే. మీకు బ్రౌన్ కనబడదు, నారింజ కనబడుతుంది. లైటు వేసి లడిని తెల్ల గుడ్డ మీద పెట్టండి, మళ్లీ బ్రౌన్. నూలు అదే. బ్రౌన్ అనిపించాలంటే పక్కన దానికంటే వెలుతురున్నది ఏదో ఒకటి ఉండాలి. నల్లటి ఆకాశంలో తనంతట తాను వెలిగే దానికి ఆ పక్కది ఎక్కడి నుంచి వస్తది?

అందుకే రుమాలులో కూడా గోధుమ గళ్ల పక్కన తెలుపు పడితేనే నిలబడుతుంది, నలుపు పక్కన పడితే ఎర్రగా కొడుతుంది.

సూర్యాపేట సుత్తి | సూర్యాపేట

అక్కా, టార్చి కొట్టి చూసిన. మా ఇంట్ల లడి లేదు, బెల్లం ముక్క పెట్టిన. నారింజే! మా ఆవిడ నన్ను చూస్తున్న చూపు మాత్రం ఏ రంగో చెప్పలేను.

వనపర్తి వెన్నెల | వనపర్తి

నేను బీఎస్సీ చదువుతున్నా. నాకు వై తరగతి మీద డౌట్. వైజ్ 0855 అని ఉంది కదా, 2014లో ప్రకటించింది, ఏడు కాంతి సంవత్సరాల చిల్లర దూరం. దాని వేడి మన నీళ్లు గడ్డకట్టే దానికి అటూ ఇటూ, ఇంకా చల్లన కూడా అంటున్నారు. నీటి మబ్బులు ఉండొచ్చని చదివా. మరి మబ్బులు తెల్లగా కనిపించవా? ఆర్టిస్టులు దాన్ని నీలంగానో ఊదాగానో వేస్తారు.

పాలమూరు ఫిజిక్స్ | మహబూబ్‌నగర్

మబ్బు తెల్లగా కనిపించాలంటే దాని మీద ఎండ పడాలి తల్లీ. 0855 పక్కన సూర్యుడు లేడు. సొంతంగా వెలగదు, ఇంకొకరి వెలుగు పడదు. దగ్గరికి వెళ్లి నిలబడితే ఆకాశంలో చుక్కలు లేని గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ అంచున చుక్కలు ఆరిపోతూ, అటువైపు మళ్లీ వెలుగుతూ ఉంటే "ఓహో ఇక్కడేదో ఉంది" అనుకోవాలి. నీలం, ఊదా అన్నది మూడు తరగతులు పక్కపక్కన పెట్టినప్పుడు తేడా తెలియడానికి ఆర్టిస్టులు పెట్టుకున్న వరుస.

గద్వాల బొమ్మలు | గద్వాల, ఇప్పుడు హైదరాబాద్

ఇదిగో, చుక్కలు లేని గుండ్రటి ఖాళీ! వేయగలిగితే దీన్ని మించిన బొమ్మ లేదు. కానీ పెద్దసారు బిల్లు ఇవ్వరు. "గడి ఖాళీగా వదిలేసి పైసలడుగుతవా" అంటారు.

నీలగిరి కుంచె | నల్లగొండ

గద్వాల తమ్మి బిల్లు సంగతి కరెక్టుగా పట్టిండు. ఖాళీ నడవదు. ఎరుపుకు దగ్గర మజెంటా అనుకుంటున్న, పెద్దసారును నేను ఒప్పిస్త. ఫాస్ట్ రెడ్ స్టెయినర్‌లో వయొలెట్ చుక్క చుక్క వేసి కలిపి చూసిన, బాగనే వచ్చింది. ఇప్పుడు సైజు చెప్పండి. గురుగ్రహాన్ని పక్క గడిలో మేకు కొట్టి దారం కట్టి గీసిన. దీని బరువు యాభై రెట్లంటే దారం ఎంత పెంచాలె?

పాలమూరు ఫిజిక్స్ | మహబూబ్‌నగర్

అస్సలు పెంచొద్దు, అదే దారం! బరువు పెరిగేకొద్దీ లోపలి పదార్థం ఇంకా గట్టిగా నొక్కుకుపోతుంది, సైజు మాత్రం గురుగ్రహం దగ్గరే ఆగుతుంది. పది, పదిహేను శాతం అటూ ఇటూ. పిల్లలకు ఇది చెప్తే రంగు కంటే ఎక్కువ నోరు తెరుస్తారు.

పైన ఒట్టి గుండ్రం వదలకండి. 2013లో దొరికిన లూమన్ 16 అని బ్రౌన్ డ్వార్ఫ్‌ల జంట ఉంది, 6.5 కాంతి సంవత్సరాలు. 2014లో అందులో ఒకదానికి మసక మ్యాప్ కూడా గీశారు, వెలుగు మచ్చలు, చీకటి మచ్చలు కనబడ్డాయి. 2021లో టెస్ టెలిస్కోపు లెక్కలు చూసి దాని మీద గురుగ్రహం మీదలాంటి అడ్డ పట్టీలు ఉన్నాయన్నారు. ఎల్ తరగతి మబ్బులు మన మబ్బులు కావు, ఇసుకలో ఉండే సిలికేట్లు, కరిగిన ఇనుప తుంపరలు. టి దగ్గరికి వచ్చేసరికి ఆ మబ్బులు కిందికి దిగిపోతాయి, మధ్యలో చిరుగులు పడతాయి. చిరుగు ఉన్నచోట లోపలి వేడి కనబడుతుంది కాబట్టి అక్కడ కొంచెం వెలుతురు పెంచండి. తిరగడం కూడా జోరే, కొన్నయితే సుమారు ఒక గంటలోనే ఒక చుట్టు చుట్టేస్తాయి. అలాంటివి నడుం దగ్గర ఉబ్బి, పైనా కిందా నొక్కినట్టు ఉంటాయి.

నీలగిరి కుంచె | నల్లగొండ

పట్టీలు స్పాంజితో లాగుత. చిరుగుల్లో పొడి కుంచెతో నారింజ.

వనపర్తి వెన్నెల | వనపర్తి

లూమన్ 16 మన ఊళ్ల నుంచి కనిపిస్తుందా అన్నా?

అమ్రాబాద్ చీకటి | అచ్చంపేట

కంటికి ఏ బ్రౌన్ డ్వార్ఫ్ కూడా కనిపించదు చెల్లె. అది ఉన్న దిక్కు అయితే చూపిస్తా. ఏప్రిల్ మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో సరిగ్గా దక్షిణం వైపు, నేల నుంచి సుమారు 20 డిగ్రీల ఎత్తు. చేయి చాపి పిడికిలి మీద పిడికిలి పెడితే అంతే. ఢిల్లీ వాళ్లకు అది నేలకు ఆనుకుని ఉంటుంది, మనకు మన్ననూరు దాటితే అడవి పైన బాగానే లేస్తుంది. పక్కనే ఇబ్రహీంపట్నం అవతల జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోపు ఉన్నా, వీటి మీద పని చేయాలంటే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉండాలి.

చిటికి రంగులు | పుట్టపాక

నీలగిరి అన్నా, ఆ గోడ ఎటు దిక్కు? మన ఎండకు మజెంటా నిలవదు. ఫాస్ట్ అని పేరే గానీ పడమటి గోడ మీద రెండు వేసవులకు వెలిసి గులాబీ అయితది. రెడ్ ఆక్సైడ్ అయితే ఏం కాదు, అది తుప్పు రంగే కదా. అడుగున రెడ్ ఆక్సైడ్ పలచగా కొట్టి మీద మజెంటా వేయి. వెలిసినా కింద ఎరుపు మిగులుతది, ఫిజిక్స్ సారు కూడా కోపం చేయరు.

నీలగిరి కుంచె | నల్లగొండ

పడమరే అక్కా. అట్లే చేస్త, పైన క్లియర్ కోటు కూడా. కింద "గ్లీజ్ 229బి, 19 కాంతి సంవత్సరాలు, 1995లో దొరికింది" అని రాస్త. పెద్దసారు ఒప్పుకున్నరు. "బ్రౌన్ అని పేరు రాయి, రంగు నీ ఇష్టం" అన్నరు.

పాలమూరు ఫిజిక్స్ | మహబూబ్‌నగర్

ఆ పేరు రాసేటట్టయితే ఒక్క నిమిషం ఆగండి. 229బి ఒకటి కాదు, రెండు అని 2024లో తేలింది. గురుగ్రహానికి 38 రెట్లు ఒకటి, 34 రెట్లు ఒకటి, పన్నెండు రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. దాని వెలుగు చూస్తే బరువుకు తగ్గట్టు లేదని ఏళ్ల తరబడి తలపట్టుకున్నారు, కారణం ఇదన్నమాట.

నీలగిరి కుంచె | నల్లగొండ

సార్! గీసుడు అయిపోయినంక చెప్తున్నరు. సరే రెండో గుండ్రం ఎంత దూరంలో వేయాలె?

పాలమూరు ఫిజిక్స్ | మహబూబ్‌నగర్

మనకూ చంద్రుడికీ ఉన్న దూరానికి 16 రెట్లు. అంటే వాటి మధ్య వాటి సైజు గుండ్రాలు నలభైకి పైగా పడతాయి. స్కేలుకు వేస్తే మీ నాలుగడుగుల గడిలో ఒక్కోటి అంగుళం బొట్టు.

గద్వాల బొమ్మలు | గద్వాల, ఇప్పుడు హైదరాబాద్

స్కేలు ఎందుకు, చోటు మార్చండి. ఒకదాని పక్కన నిలబడి చూస్తున్నట్టు వేయండి. గీసిన పెద్ద గుండ్రం అట్లనే ఉంచి, రెండోది దూరంగా. అక్కడి నుంచి మన పున్నమి చంద్రుడికి రెండున్నర రెట్లు వెడల్పు కనబడుతుంది. అంటే గడిలో పై మూలన రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దది చాలు. అది ఇంకా కొంచెం చల్లన కాబట్టి వయొలెట్ పెంచకండి, వెలుగు తగ్గించండి. అసలు నక్షత్రం గ్లీజ్ 229 వేరే మూలన నారింజ చుక్క.

నీలగిరి కుంచె | నల్లగొండ

ఇది కుదిరింది. రూపాయి బిళ్లకు దారం అక్కర్లేదు, ఫినాయిల్ సీసా మూత పెట్టి గీస్త. ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే రెడ్ ఆక్సైడ్ కోటు. మజెంటా సాయంత్రం, గోడ చల్లబడినంక. "గ్లీజ్ 229బి" కింద "ఇవి రెండు" అని రాయాలంటే పెద్దసారును మళ్లీ అడగాలె, అక్షరానికి ఇంత అని మాట్లాడుకున్నం మరి.